తానెవరో మరిచిపోయిన ప్రొఫెసరు

రికార్డు గుమస్తాను లాకప్పులో పెట్టడానికి ఇన్‌స్పెక్టరు దగ్గరున్న సాక్ష్యం ఒకే ఒక్క కాగితం. అది వేలిముద్రల నివేదిక కాదు, ఎవరి వాంగ్మూలమూ కాదు. లోకంలోని మనుషులందర్నీ తొమ్మిది గళ్ళలో సర్దేసిన ఒక రంగుల పటం. ఏడో గడిలో ఇలా ఉంది: "పైకి శాంతం, లోపల కొలిమి. ఏళ్ళ తరబడి అణచుకుని ఒక్కసారిగా విరుచుకుపడే స్వభావం." గుమస్తా ఏడో రకం మనిషని అతని ఆఫీసు ఫైల్లోనే రాసి ఉంది.

"ఇంకేం కావాలి వదినా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు, పటాన్ని చుట్ట చుట్టి చంకలో పెట్టుకుంటూ.

"ఆయన కొట్టినట్టు రుజువు కావాలి మరిదిగారూ. బల్లి అరిచినా 'క్షమించండి' అనే మనిషాయన."

"అదే! అలాంటివాళ్ళే ప్రమాదం. పటంలో స్పష్టంగా ఉంది."

ఇన్‌స్పెక్టరు వదినగారిని అందరూ టేపక్క అంటారు. ఇరవై ఏళ్ళు మొగుడితో కలిసి దర్జీ కొట్టు నడిపింది. మనిషి గుమ్మంలోకి రాగానే ఏ భుజం దిగి ఉందో, ఏ జేబు బరువుగా ఉందో చూసే ఆ కంటితోనే ఎనిమిదేళ్ళ కిందట ప్రైవేటు డిటెక్టివు అయింది. కొట్టు మొగుడికి వదిలేసింది గాని, మెడలోని కొలతల టేపు మాత్రం తియ్యలేదు. మరిది తీసుకున్న ప్రతి కేసులోనూ ఆవిడ కాలుపెట్టడం, ఆవిడ కాలుపెట్టిన ప్రతిచోటా మరిది కళ్ళెర్రజేయడం మామూలే.

"అన్నయ్యకి చెప్పి నిన్ను ఈ పని మానిపిస్తాను," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"చెప్పు. నేను ఇంట్లో ఉంటే ఆయన మీద పరిశోధన మొదలుపెడతానని, మీ అన్నయ్యే నన్ను పొద్దున్నే బయటికి పంపిస్తున్నాడు."

కథ మొదలైంది మొన్న ఉదయం. ఇప్పుడు వాళ్ళిద్దరూ నిలబడి ఉన్న వ్యక్తిత్వ పరిశోధనా కేంద్రంలోనే. దాని పెద్ద ప్రొఫెసరు. పద్దెనిమిదేళ్ళకల్లా మనిషి స్వభావం అచ్చులో పోసినట్టు గట్టిపడిపోతుందనీ, అటుపైన చచ్చేదాకా వాడు వాడేననీ ఆయన సిద్ధాంతం. అది నిరూపించడానికి నలభై మందిని ఎంచుకుని, ఏటా అవే నూట ఇరవై ప్రశ్నలు ఇచ్చి, ఇరవై ఏడేళ్ళు జవాబులు రాయించాడు. వచ్చే నెల పుస్తకం. మొన్న పదీ నలభైకి అటెండరు తలుపు తీస్తే, జవాబు పత్రాల బీరువా ఖాళీగా ఉంది, ప్రొఫెసరు నేలమీద ఉన్నాడు. తల వెనక నిమ్మకాయంత బొప్పి. కళ్ళు తెరిచి ఆయన అడిగిన మొదటి మాట: "నేనెవర్ని?"

జన్మంతా జనాన్ని ఆ ప్రశ్నే అడిగి విసిగించిన మనిషి కనుక, అటెండరు అది ఆఫీసు పనే అనుకుంది. రెండోసారి అడిగాక గాని అంబులెన్సుకు ఫోన్ చెయ్యలేదు.

నిన్న సాయంత్రం గుమస్తాను అరెస్టు చేశారు. ఈ మధ్యాహ్నం రెండింటికి కోర్టులో పెడతారు. పెట్టారా, పింఛనుకు పద్నాలుగు నెలల ముందు ఉద్యోగం గోవిందా. అతని అక్క నిన్న రాత్రే టేపక్క గుమ్మం తొక్కింది.

"టైములు చూడు," అంది టేపక్క. "పదీ పదికి గుమస్తా పోస్టాఫీసుకి బయల్దేరాడు. పదీ పాతిక్కి ప్రొఫెసరు తలుపు తెరిచి అటెండరు చేతిలోంచి టీ కప్పు అందుకున్నాడు. అంటే అప్పటికి తల బాగానే ఉంది. పదీ ఇరవై ఎనిమిదికి గుమస్తా పోస్టాఫీసులో రసీదు తీసుకున్నాడు. దానిమీద ముద్ర ఉంది. అక్కణ్ణుంచి నడిస్తే పది నిమిషాలు. పదీ ముప్ఫై ఎనిమిదికి చేరాడనుకో. రెండు నిమిషాల్లో తల పగలగొట్టి, వెయ్యికి పైగా కాగితాలు మాయం చేశాడా?"

"పరుగెత్తుకొచ్చాడు."

"మోకాళ్ళ నొప్పులు ఆయనకి. మెట్లెక్కడానికే ముహూర్తం చూసుకుంటాడు."

"గడియారాలు అబద్ధం చెప్తాయి వదినా. స్వభావం చెప్పదు." ఈ వాక్యం తనకే బాగా నచ్చి, జేబులోంచి పుస్తకం తీసి రాసుకున్నాడు ఇన్‌స్పెక్టరు.

ప్రొఫెసరు పడి ఉన్న పరీక్ష గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, ఖాళీ బీరువా, రాయని ఫారాల కట్టలు పేర్చిన అర, ఒక గోడంతా అద్దం ఉన్నాయి. పరీక్ష రాసేవాళ్ళకు అది అద్దం. పక్కనున్న చీకటి గదిలోంచి చూసేవాళ్ళకు మాత్రం కిటికీ. ఆ సంగతి టేపక్కకు అటెండరు చెప్పింది. ఇన్‌స్పెక్టరుకు ఎవరూ చెప్పలేదు.

టేపక్క పక్కగదిలోకి వెళ్ళేసరికి, మరిది అద్దానికి ఎదురుగా నిలబడి పొట్ట లోపలికి పీల్చి మీసం సవరించుకుంటున్నాడు. తర్వాత గొంతు సర్దుకుని, "పత్రికా మిత్రులారా, ఇరవై నాలుగు గంటల్లో ఈ కేసును..." అని మొదలుపెట్టాడు. గోడకున్న స్పీకర్లోంచి ఆ గొంతు స్పష్టంగా వినిపిస్తోంది. మొదటి వాక్యాన్ని నాలుగు రకాలుగా అన్నాడు. నాలుగోసారి ఎడమ కనుబొమ్మ ఎత్తాడు.

"పాపం, పోలీసుల్లో చేరకపోతే నాటకాల్లో రాణించేవాడు," అని గొణుక్కుని టేపక్క టార్చి వెలిగించింది. గాజుమీద, ఎవరో నుదురు ఆనించి చాలాసేపు చూసినట్టు జిడ్డు మరక. టేపు విప్పి నేలనుంచి కొలిచింది. నుదురే అయిదడుగుల పది అంగుళాలు. అంటే మనిషి ఆరడుగుల పైమాట. గుమస్తా అయిదూ రెండు. ప్రొఫెసరు అయిదూ ఆరు.

"ఈ చీకటి గది వెనక తలుపు ఎప్పుడూ తీసే ఉంటుందా?" అని అటెండర్ని అడిగింది.

"లేదమ్మా. లోపల్నించి గడియ వేసే ఉంచుతాను. మొన్న సారుని తీసుకెళ్ళాక చూస్తే తీసి ఉంది. పోలీసు సారుకి చెప్పాను. 'ఏడో రకంవాళ్ళు గడియ వెయ్యడం మర్చిపోతారు' అన్నారు."

"సారు ఎలా పడి ఉన్నారు?"

"వెల్లకిలా. ఇనప పేపర్‌వెయిటు అదిగో, ఆ మూలకి దొర్లిపోయింది. తల కింద మాత్రం కుర్చీ దిండు ఉందమ్మా."

"తల కింద దిండా?"

"చక్కగా, మంచంమీద పడుకున్నట్టు."

తల పగలగొట్టి దిండు పెట్టే దొంగను టేపక్క ఇంతవరకు చూడలేదు. దీనికి ఇన్‌స్పెక్టరు సమాధానం ముందే సిద్ధం చేసుకుని ఉన్నాడని అటెండరు చెప్పింది. కొట్టాక పశ్చాత్తాపపడటం కూడా ఏడో గడిలోనే ఉందట.

ఇన్‌స్పెక్టరు బయటికి వెళ్ళాక, టేపక్క పరీక్ష గదిలోకి వచ్చి అర దగ్గరికి నడిచింది. రాయని ఫారాల కట్టలు. చాలావాటికి ప్రెస్సువాళ్ళు కట్టిన పురికొస ముడి. కింది వరసలో కొన్నింటికి మాత్రం ముడిలేదు, అంటుకునే టేపు అడ్డదిడ్డంగా చుట్టి ఉంది. బట్టయినా కాగితమైనా, యంత్రం చేసిన పనికీ చేతకాని చెయ్యి చేసిన పనికీ తేడా ఆవిడకు గుడ్డి దీపంలోనైనా తెలుస్తుంది. ఒకటి విప్పింది. పైన పది ఖాళీ ఫారాలు. కింద రాసినవి. "నెంబరు పన్నెండు. మొదటి సంవత్సరం." అన్నీ విప్పి లెక్కపెట్టింది. ముప్ఫై తొమ్మిది మందివి ఉన్నాయి. ముప్ఫై ఒకటో నెంబరు లేదు.

అటెండరు నోరు తెరిచింది. టేపక్క వేలు పెదవులకు ఆనించింది. చేతిలో పటం ఉన్న మనిషికి ఇప్పుడు ఏం చెప్పినా, దానికీ ఒక గడి వెతుకుతాడు.

"మరిదిగారూ!" అని కేకేసింది. "ఆసుపత్రికి వస్తావా? ఆ పటం కూడా తెచ్చుకో."

ఆసుపత్రి వరండాలో బల్లమీద గుమస్తా అక్క కూర్చుని ఉంది. ప్రొఫెసరుకు మతి వస్తే తమ్ముణ్ణి వదిలేస్తారన్న ఒక్క ఆశతో ఆవిడ రాత్రి టేపక్క ఇంటినుంచి నేరుగా ఇక్కడికే వచ్చి, మళ్ళీ కదల్లేదు. లేచి టేపక్క చెయ్యి పట్టుకుంది. "టైము పదకొండయిందమ్మా," అంది.

గది గుమ్మంలోనే ప్రొఫెసరు భార్య అడ్డం వచ్చింది.

"ఒక్కమాటండీ. ఈయనకి జ్ఞాపకం రావడం... మరీ అంత అవసరమా?"

టేపక్క తెల్లబోయింది. "అదేంటండీ?"

"ముప్ఫై ఏళ్ళు కాపురం చేశాను. పెళ్ళయిన వారానికే నన్ను మూడో రకం అని తేల్చేశారు. 'మూడో రకంవాళ్ళకి సంగీతం అబ్బదు' అని వీణ మూల పెట్టించారు. ఏం మాట్లాడినా 'నువ్వలాగే అంటావని నాకు తెలుసు' అనేవారు. మొన్న సాయంత్రం కళ్ళు తెరిచి 'మీరు చాలా అలిసిపోయారు, కాస్త కూర్చోండి. మీకేమిష్టం?' అన్నారు. నాకేమిష్టమో నాకే గుర్తురాలేదండీ! రెండ్రోజులు ఆలోచించి ఇవాళ పొద్దున చెప్పాను."

"మీవారి మాట సరే. బయట బల్లమీద కూర్చున్న ఆవిడ తమ్ముడు లాకప్పులో ఉన్నాడు."

భార్య వరండాలోకి చూసింది. చూసి తలుపు వదిలి పక్కకు జరిగింది.

ప్రొఫెసరు మంచంమీద దిండుకు చేరగిలబడి ఎడమ చేత్తో చెంచా పట్టుకుని ఉప్మా తింటున్నాడు. సగం నోట్లో, సగం గడ్డం మీద పడుతోంది. ముఖంలో మాత్రం పసిబిడ్డ నవ్వు.

"నమస్కారం. మీరెవరో నాకు తెలీదు. నేనెవరో కూడా తెలీదనుకోండి," అన్నాడు.

టేపక్క కొక్కేనికి వేలాడుతున్న ఆయన చొక్కా వైపు చూసింది. కుడి చేతి పట్టీ అరిగిపోయి దారాలు లేచాయి. ఎడమది నిన్న కుట్టినట్టుంది. మనిషి పేరు మర్చిపోతే మర్చిపోవచ్చు. ఏ చేత్తో తినాలో మర్చిపోయినవాణ్ణి ఆవిడ కనలేదు, వినలేదు. ఒక మనిషిని వదిలించుకోవాలని ఇంకో మనిషిని మరీ శ్రద్ధగా కుడుతున్నట్టుంది ఈ వ్యవహారం.

"మరిదీ, ఈయన సిద్ధాంతమే ఈయనకి చెప్పి చూడు. జ్ఞాపకం రావచ్చు. నీకు అర్థమైనట్టు చెప్పు. చదవొద్దు."

ఇన్‌స్పెక్టరు ఉబ్బిపోయాడు. పటం గోడకు అంటించి లాఠీతో చూపడం మొదలుపెట్టాడు.

"చూడండి సార్. మనుషులు మొత్తం తొమ్మిది రకాలు. ఇది పుట్టుకతో వచ్చేది. ముక్కులాగా."

ప్రొఫెసరు కుడి కనురెప్ప అదిరింది.

"ఒకటో రకం మంచివాళ్ళు. రెండోరకం కాస్త తక్కువ మంచివాళ్ళు. అలా దిగుతూ దిగుతూ తొమ్మిదికొచ్చేసరికి పచ్చి దొంగలు."

చెంచా గిన్నె అంచుకు టకటకా కొట్టుకుంది. దుప్పటి కింద పాదం ఊగుతోంది.

"సార్, మీకు నొప్పిగా ఉందా?" అంది టేపక్క అమాయకంగా.

"లేదు, లేదు. చెప్పనివ్వండి. బాగుంది," అన్నాడు ప్రొఫెసరు, పళ్ళు బిగించి.

"ఇప్పుడు అసలు సంగతి," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఇందులో గొప్పేంటంటే, రకాలు కూడుకోవచ్చు. మూడో రకం అమ్మకీ నాలుగో రకం నాన్నకీ పుట్టినవాడు ఏడో రకం అవుతాడు. మూడూ నాలుగూ ఏడు! మా గుమస్తా కేసు సరిగ్గా..."

"కూడికేమిటయ్యా కూడిక!" గిన్నె ఎగిరి నేలమీద పడింది. ప్రొఫెసరు మంచంమీద మోకాళ్ళమీద లేచి, కుడిచేత్తో ఇన్‌స్పెక్టరు జేబులోని పెన్ను లాక్కుని పటం మీద గీతలు కొడుతున్నాడు. "ఇవి లెక్కలు కాదు! మంచీ చెడూ అని ఎక్కడ రాశాను? పుట్టుకతో అని ఎవడన్నాడు? పద్దెనిమిదేళ్ళకి గట్టిపడుతుంది అన్నాను! నాలుగో అధ్యాయం, రెండో పేరా! ఇరవై ఏడేళ్ళు కష్టపడితే నువ్వొచ్చి ముక్కు, మూడూ నాలుగూ..."

ఆగాడు. ఆయన తన కుడిచేతిలోని పెన్ను చూసుకుని, మెల్లగా ఎడమచేతికి మార్చుకున్నాడు.

"ఇక లాభంలేదులెండి," అంది టేపక్క. "ముప్ఫై తొమ్మిది కట్టలు నాకు అరలో దొరికాయి."

ఇన్‌స్పెక్టరు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "కట్టలు దొరికాయా? నాకు చెప్పలేదేం?"

"నీ స్వభావం తెలిసి."

ప్రొఫెసరు మంచంమీద కూలబడ్డాడు. పసిబిడ్డ నవ్వు పోయి, అరవై ఏళ్ళ అలసట ముఖంలోకి వచ్చింది.

"కప్పల తక్కెడమ్మా," అన్నాడు. "నలభై మందినీ ఒకసారైనా ఒక గడిలో కుదురుగా కూర్చోబెట్టలేకపోయాను. పిరికివాడని రాసుకున్నవాడు నలభయ్యో ఏట అగ్నిమాపక దళంలో చేరాడు. నోరు విప్పని పిల్ల ఇవాళ కోర్టులో లాయరు. పుస్తకం కోసం మొత్తం దగ్గరపెట్టుకుని చూస్తే, అందరూ మారిపోయారు. పత్రాలు దొంగలపాలైతే, నాకు మతిపోతే, ఇక నన్నెవరూ ఏమీ అడగరనుకున్నాను. చింపేద్దామనే కూర్చున్నాను. మొదటి ఏడాది వాళ్ళ పిల్లరాతలు చూసేసరికి చెయ్యి రాలేదు."

"మీకు చెయ్యి రాకపోవడం బాగానే ఉంది. గుమస్తా చేతికి బేడీలు పడ్డాయి. నిన్న సాయంత్రమే ఒక్కమాట అని ఉండొచ్చు కదా?"

ప్రొఫెసరు తల దించుకున్నాడు. "నాలుగుసార్లు అనబోయాను. అన్నానంటే మళ్ళీ నేనే అయిపోతాను."

గుమ్మంలో భార్య నిలబడి ఉంది. అంతా విన్నట్టుంది.

"అయితే 'కూర్చోండి, మీకేమిష్టం' అన్నదంతా నటనేనా?" అంది.

"నటనే," అన్నాడాయన, చాలా చిన్నగా.

"ముప్ఫై ఏళ్ళూ చేతకానిది మూడ్రోజుల్లో బాగానే పట్టుబడింది. ఆపకండి. వీణకి తీగలు కొనుక్కురమ్మని పొద్దున చెప్పాను. మర్చిపోయారంటే ఈసారి నిజంగానే పగులుతుంది తల."

ఇన్‌స్పెక్టరు మంచం దగ్గరికి వచ్చాడు. "అంటే తల పగలగొట్టుకున్నది కూడా మీరేనా?"

"కాదు!" ప్రొఫెసరు బొప్పి తడుముకున్నాడు. "నేలమీద పడుకోవాలనుకున్నది నిజం. దిండు వేసుకున్నదీ నేనే, నడుం నొప్పి కదా. కానీ నేను పడుకునేలోపే ఎవరో పడుకోబెట్టారు."

టేపక్క మంచం దగ్గరికి కుర్చీ లాక్కుంది. "ఆరడుగుల పైన ఉన్న మనిషి. పక్కగదిలోంచి గాజుకి నుదురానించి మీరు చేసిందంతా చూశాడు. వెనక తలుపు గడియ తీసి పోతూ పోతూ ముప్ఫై ఒకటో నెంబరు కట్ట తీసుకెళ్ళాడు. ఎవరతను?"

ప్రొఫెసరు ముఖం పాలిపోయింది. "ఆ కట్ట పోయిందా? అదొక్కటే బల్లమీద ఉంచుకున్నాను, ఆఖరిసారి చూద్దామని. అందరూ మారారమ్మా, కానీ కాస్త కాస్తగా, ఏళ్ళ తరబడి. ముప్ఫై ఒకటి మాత్రం ఇరవై ఏళ్ళు ఒకే తీరుగా రాసి, ఇరవై ఒకటో ఏట నూట ఇరవై జవాబుల్లో నూట మూడు మార్చేశాడు. అక్షరాలు మాత్రం పాతవాటిలాగే కష్టపడి దిద్దాడు. ఆ ఏటినుంచే, దూరం వెళ్ళిపోయానంటూ పోస్టులో పంపడం మొదలుపెట్టాడు."

"అంటే మారిన మనిషి కాదు."

"వేరే మనిషి. ఏడేళ్ళుగా ఎవరో అతని పేరుతో, అతనిలా బతుకుతున్నారు. నాకు అనుమానం వచ్చి, ఒకసారి వచ్చి కలవమని పోయిన వారం ఉత్తరం రాశాను."

"మరి మొదటివాడు ఏమయ్యాడు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఈ ఉదయం మొత్తంలో అతను అడిగిన మొదటి మంచి ప్రశ్న అది.

"పేరు చెప్పండి," అంది టేపక్క.

"నాకు తెలీదు. నాకు నెంబర్లే తెలియాలని నియమం పెట్టింది నేనే. పేర్లు, చిరునామాలు ఎక్కడా రాసిలేవు. నలభయ్యీ గుమస్తా తలలో ఉన్నాయి. ఉత్తరం మీద చిరునామా రాసిందీ అతనే."

ఇన్‌స్పెక్టరు అప్పటికే ఫోను తీశాడు. ఎంత మొండివాడైనా తప్పు తెలిశాక నిమిషం ఆగే మనిషి కాదు. "నేనే మాట్లాడుతున్నా. గుమస్తాని వెంటనే వదిలెయ్యి. కుర్చీ వేసి కూర్చోబెట్టు, టీ ఇప్పించు. నేనొచ్చి క్షమాపణ చెప్తాను."

అవతల కానిస్టేబులు ఏదో అన్నాడు. ఇన్‌స్పెక్టరు ఫోను చెవినుంచి తీసి, స్పీకరు నొక్కి, "మళ్ళీ చెప్పు," అన్నాడు.

"అదేంటి సార్, అరగంట కిందట మీరే కదా ఫోన్ చేసి వదిలెయ్యమన్నారు. మీ గొంతే కదా. అలాగే పంపించేశాం. పాపం నడవలేకపోతుంటే, వాళ్ళన్నయ్యట, బాగా పొడుగాటి మనిషి, వచ్చి కార్లో ఎక్కించుకెళ్ళాడు."

టేపక్క గోడ గడియారం చూసింది. పదకొండూ ఇరవై. అరగంట కిందట మరిది తన పక్కనే, కార్లో కూర్చుని పటం చదువుతున్నాడు.

వరండాలో బల్లమీంచి గుమస్తా అక్క లేచి నిలబడింది. తలుపు తీసే ఉంది, ఆవిడకు అంతా వినబడింది.

"అన్నయ్యెవరమ్మా?" అంది. "మా అమ్మకి మేమిద్దరమే."